ఆరో నిబంధన

మా ప్రెస్సులో అందరూ ఆయన్ని కామా బాబాయి అనేవాళ్ళు. ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ఎర్రపెన్నుతో ఆయన చదువుతుంటే వాసన చూసి తప్పులు పట్టుకుంటున్నాడా అనిపించేది. ఒకసారి మా ఓనరు గారిని తిడుతూ ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఓనరు గారు మండిపడుతూ, చేతిరాత ఎవరిదో గుర్తుపట్టమని దాన్ని బాబాయికి ఇచ్చారు. బాబాయి పావుగంట సేపు చూసి, అందులో ఉన్న పదమూడు తప్పులూ దిద్ది తిరిగి ఇచ్చాడు. "రాసిందెవరో తెలీదండీ. మనవాళ్ళు మాత్రం కాదు. మనవాళ్ళెవరూ ఇన్ని తప్పులు రాయరు" అన్నాడు.

నేను ఆయన ఎదురు బల్ల దగ్గర కంపోజింగ్ చేసేదాన్ని. పందొమ్మిదేళ్ళు అలా ఎదురెదురుగా కూర్చున్నాం. నేను కొట్టిన పేజీ ఆయన దగ్గరికి వెళ్ళేది, ఎర్రగీతలతో నా దగ్గరికి తిరిగొచ్చేది. ఆయన గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. దిద్దిపెట్టేవాళ్ళు లేరు కదా అని ప్రతిసారీ ఆగిపోయాను.

బాబాయికి పిల్లల్లేరు. భార్య ఉంది, పిన్ని అని పిలిచేదాన్ని. వాళ్ళింటి వెనక రెండు గదుల్లో బాబాయి అక్క, ఆమె కూతురు ఉండేవాళ్ళు. అక్క పెద్దాసుపత్రిలో ఆయా. మొగుడు పోయాక ఆ రెండు గదుల్లోకి వచ్చి, అక్కడే స్థిరపడిపోయింది. కూతురి అసలు పేరు నేను రాయను. ఇంట్లో పిచ్చుక అనేవాళ్ళు, చిన్నప్పుడు గుక్కతిప్పుకోకుండా మాట్లాడేదట. బాబాయి ఆ పిల్లకి అక్షరాలు నేర్పింది పలక మీద కాదు, చెత్తబుట్టలో పడేయాల్సిన ప్రూఫు కాగితాల మీద. దాంతో పిచ్చుక ఆరేళ్ళ వయసులోనే ఫుల్‌స్టాప్ పెట్టకుండా ఏ వాక్యమూ రాసేది కాదు. పెద్దయ్యాక మందుల హోల్‌సేల్ షాపులో బిల్లులు రాసే ఉద్యోగంలో చేరింది.

మా ప్రెస్సులో ఒక వారపత్రిక అచ్చయ్యేది. దాని బలమంతా సీరియల్ నవల. రాసేవాయన ఊళ్ళో పెద్దమనిషి, తెల్లటి ఇస్త్రీ బట్టలు, నెమ్మదైన మాట. ప్రతివారం కథని ఎవరో ఒకరి పీకమీద కత్తిపెట్టి ఆపి, కింద 'తరువాయి వచ్చేవారం' అని రాసేవాడు కాబట్టి మేం ఆయన్ని తరువాయి గారు అనేవాళ్ళం. బాబాయికి ఆయన రాతలు గిట్టేవి కావు. కానీ నచ్చడం, నచ్చకపోవడం ప్రూఫు దిద్దేవాడి పని కాదని ఆయన నమ్మకం. "వంటవాడు ఉప్పు చూడాలి గాని, తినేవాడి ఆకలి సంగతి ఎందుకమ్మాయ్" అనేవాడు.

ఆ ఏడాది నడిచిన సీరియల్లో హీరో ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె కాదంటుంది. అతను ఆమెని ఒక పాత మిల్లులో మూడు రోజులు బంధిస్తాడు. చెయ్యి కూడా తాకడు. పూటపూటకీ భోజనం తెచ్చి, తలుపు బయట కూర్చుని తన ప్రేమంతా చెప్పుకుంటాడు. మూడో రోజుకి ఆమె మనసు కరుగుతుంది. ఆ భాగం కంపోజ్ చేస్తూ తర్వాత ఏమవుతుందోనని నేనూ ఆత్రపడ్డాను. దాచుకోవడం ఎందుకు.

చివరి పేరాలో తరువాయి గారు ఇలా రాశారు: 'మూడో రోజు ఆమె తలుపు కొట్టడం మానేసింది. మౌనం కూడా ఒక జవాబే కదా?'

బాబాయి ఆ దగ్గర పెన్ను ఆపాడు. "ఈ 'కదా' ఎందుకమ్మాయ్? వాక్యం నీరుగారిపోయింది" అని, దాన్ని కొట్టేసి, ప్రశ్న గుర్తు తీసి ఫుల్‌స్టాప్ పెట్టాడు. 'మౌనం కూడా ఒక జవాబే.' నిజంగానే వాక్యం బిగిసింది. పత్రిక వచ్చాక తరువాయి గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. బాబాయి ఆ పూట రెండు టీలు తెప్పించాడు, ఒకటి నాకు.

పిచ్చుక పనిచేసే షాపులో ఒక సేల్స్‌మన్ ఉండేవాడు. నోట్లో నాలుక లేనివాడని అందరూ చెప్పుకునేవాళ్ళు. పిచ్చుకని రెండుసార్లు అడిగాడట, పెళ్ళి చేసుకుంటావా అని. మొదటిసారి నవ్వుతూ కాదంది. రెండోసారి నవ్వకుండా కాదంది. ఆ తర్వాత నెల తిరక్కుండా వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి. సెలవుకి ముందు సాయంత్రం, స్టాకు చూడాలని చెప్పి ఆమెని ఊరి చివరున్న గోడౌన్‌లోకి పంపి, బయట తాళం వేశాడు.

ఆ మూడు రోజులూ బాబాయి, వాళ్ళక్క, నేను తిరగని వీధి లేదు. పోలీసు స్టేషన్లో ఒకాయన కుర్చీలోంచి లేవకుండానే, "వయసులో ఉన్న పిల్ల గదమ్మా. ఎవరితోనో వెళ్ళుంటుంది. రెండ్రోజులాగి రండి" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం పిచ్చుక సెలైన్ సీసాల అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైకెక్కి, వెంటిలేటర్ అద్దం పగలగొట్టి బయటికి దూకింది. పన్నెండడుగుల కింద సిమెంటు కాలువ. తుంటి ఎముక విరిగింది. పక్క కాంపౌండు వాచ్‌మన్ కేక విని పరుగెత్తుకొచ్చాడు. పెద్దాసుపత్రికి తెచ్చాక స్ట్రెచర్ తోయడానికి వచ్చిన ఆయా వాళ్ళమ్మే. కూతురి మొహం చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తోసుకుంటూ ఆపరేషన్ గది దాకా తీసుకెళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత మేం చూడ్డానికి వెళ్ళాం. పిచ్చుక కళ్ళు తెరిచి బాబాయిని చూసింది.

"వాడు నన్ను తాకలేదు మావయ్యా" అంది. "తలుపు బయట కూర్చుని చదివాడు. ఆ పత్రిక. మొదట్నుంచీ చివరిదాకా, మళ్ళీ మొదట్నుంచి. అది నువ్వు దిద్దిందేగా?"

బాబాయి తలూపాడు.

మర్నాడు ప్రెస్సుకి వచ్చి పాత ప్రూఫుల కట్టలన్నీ కిందికి దించాడు. దుమ్ములో కూర్చుని గంటసేపు వెతికి, ఆ కాగితం తీసి నా బల్ల మీద పెట్టాడు. కొట్టేసిన 'కదా' మీద ఎర్రగీత అలాగే ఉంది. "ఆయన అనుమానంగా రాశాడమ్మాయ్. ఖాయం చేసింది నేను" అన్నాడు.

"ఆ 'కదా' ఉంచితే మాత్రం వాడు చెయ్యాలనుకున్నది మానేవాడా బాబాయ్?" అన్నాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కోర్టులో ఆ సేల్స్‌మన్ ఏడవలేదు, బుకాయించలేదు. "కథలో ఆమె మూడో రోజు ఒప్పుకుందండీ. ఈవిడా తలుపు కొట్టడం మానేసింది. మౌనం కూడా ఒక జవాబే అనుకున్నాను" అన్నాడు. ఏడేళ్ళు వేశారు.

ఆ మాట పేపర్లలో పడేసరికి ఊరు అట్టుడికిపోయింది. పత్రిక కట్టలు రోడ్డు మీద తగలబెట్టారు. మా ప్రెస్సు అద్దాలు పగిలాయి. రాసేవాళ్ళంతా ఒకవైపు, ఊరంతా ఒకవైపు. చివరికి టౌన్‌హాల్లో చర్చ పెట్టారు. నేనూ, బాబాయీ, వాళ్ళక్కా వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాం.

తరువాయి గారు మైకు ముందుకొచ్చి నెమ్మదిగానే మాట్లాడారు. "ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను. నా నవలల్లో నలభై హత్యలున్నాయి. ఊళ్ళో నలభై హత్యలు జరిగాయా? ఆ సీరియల్ లక్షమంది చదివారు. ఒక్కడు చేశాడు. మిగతావాళ్ళంతా అన్నం తిని పడుకున్నారు. తప్పు కథదా, వాడిదా?"

సగం హాలు చప్పట్లు కొట్టింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ లేచి, ఆ సీరియల్ తనకి చదవడానికే అసహ్యం వేసిందనీ, అయినా ఈరోజు దీన్ని ఆపే చెయ్యి రేపు దేన్ని ఆపుతుందో ఎవరూ చెప్పలేరనీ అంది. అప్పుడు బాబాయి అక్క లేచి నిలబడింది. ఆస్పత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చింది, ఒంటి మీద యూనిఫారం.

"నాకు చదువు లేదు, తప్పయితే సరిచెయ్యండి" అంది. "పోయినేడు ఈయనకి ఇదే హాల్లో సన్మానం చేశారు. మా తమ్ముడితో నేనూ వచ్చాను. ఈయన కథ చదివి ఒకామె చచ్చిపోదామనుకున్నది మానుకుందని చెప్పారు. అది ఈయన గొప్పే అన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. మరి ఇది ఎవరి గొప్ప?"

బయటికొచ్చేటప్పుడు కాలేజీ ఆవిడ మా దగ్గరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "మీరడిగిందానికి నా దగ్గర సమాధానం లేదమ్మా. కానీ సమాధానం లేదని రాతకి తాళం వెయ్యడం కూడా మంచిది కాదు" అంది.

"తాళం సంగతి నా కూతుర్ని అడగండి" అంది బాబాయి అక్క.

మూడు నెలల్లో ప్రభుత్వం ఒక పరిశీలక సంఘాన్ని వేసింది. కథగానీ నవలగానీ అచ్చులోకి వెళ్ళాలంటే ముందు ఆ సంఘం చూడాలి. అధ్యక్షుడు రిటైరైన జడ్జి గారు, నలుగురు సభ్యులు. అందులో బాబాయి ఒకడు. భాష తెలిసినవాడు, పైగా ఆ పిల్లకి మేనమామ. పిన్ని వద్దంది. "నీకెందుకయ్యా ఆ పెద్దవాళ్ళ మధ్య?" అని. "నేను సరిగా చూసుంటే ఆగేది. ఇకనుంచి చూస్తాను" అన్నాడాయన.

నిబంధనలు రాసే పని కూడా ఆయన మీదే పడింది. మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. మొత్తం ఏడు. ఆరోదాని కోసం వారం రోజులు పట్టింది. 'స్త్రీని ఆమె ఇష్టానికి విరుద్ధంగా నిర్బంధించే దృశ్యం ఏ రచనలోనూ, ఏ రూపంలోనూ, ఏ ఉద్దేశంతోనూ ఉండరాదు.'

"ఏ ఉద్దేశంతోనూ అని అంత గట్టిగా ఎందుకు బాబాయ్?" అని అడిగాను.

"సందు వదిలితే తరువాయి గారు దూరిపోతాడమ్మాయ్. బుద్ధి చెప్పడానికే రాశానంటాడు. ఆ సందు పూడ్చాలి" అన్నాడు.

సంఘం ఆఫీసు రిజిస్ట్రేషన్ కార్యాలయం పై అంతస్తులో ఉండేది. పొడుగు బల్ల, ఐదు కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, రెండు రబ్బరు స్టాంపులు. 'అనుమతించడమైనది', 'తిరస్కరించడమైనది'. ప్రతి బుధవారం బాబాయి ప్రెస్సులో సెలవు పెట్టి అక్కడికి వెళ్ళేవాడు. మొదటి ఆరు నెలలూ ఆయన నడకే మారిపోయింది. చదవడానికే సిగ్గేసే రెండు మూడు నవలల్ని ఆపించానని చెప్పినప్పుడు నాకూ సంతోషమేసింది. తరువాయి గారి సీరియల్ పుస్తకంగా రాబోతుంటే దానికీ రెండో స్టాంపే పడింది. ఆయన అప్పీలు పెట్టుకున్నారు.

ఆ చలికాలంలో రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ తన నవల పంపింది. అందులో ఒక అత్తగారు కోడల్ని స్టోర్‌రూములో పెట్టి గడియ వేస్తుంది. ఆవిడ చూసిన సంగతే, వాళ్ళ పక్కింట్లో జరిగింది. ఆరో నిబంధన కింద అదీ పోయింది. ఎవరు చెప్పారో గాని ఆవిడ ప్రెస్సుకొచ్చి బాబాయిని పట్టుకుంది. "నేను జరిగిందే రాశాను కదండీ" అని అడిగింది. "నిజమేనమ్మా. కానీ ఒకటి వదిలితే అన్నీ వదలాలి" అన్నాడాయన. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆయన ప్రూఫు ముందు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఆరోజు ఆయన మీద నాకు కోపం వచ్చింది. అడగలేదు. అడగాల్సింది.

పిచ్చుకకి నడక రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఒక కాలు పొట్టిదైంది. కర్ర సాయంతో నడిచేది. మునుపటిలా మాట్లాడేది కాదు. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబులో, సీసాల మీద పేర్లు రాసే ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నాలు అక్కడ జనం ఉండరు. ఆ ఖాళీలో గీతల నోటుబుక్కు ఒకటి పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఏడు నెలల తర్వాత ఒకరోజు నా దగ్గరికి తెచ్చింది.

"చదువక్కా. బాగుంటే కంపోజ్ చెయ్యి. మావయ్యకి చెప్పొద్దు. ఏకంగా సంఘానికి వెళ్ళాకే చూడాలి. నన్ను చూసి స్టాంపు వేశాడని ఎవరూ అనకూడదు" అంది.

నూట నలభై పేజీలు. అందులో తొంభై పేజీలకి పైగా ఆ గోడౌన్ గదిలోనే. పందొమ్మిదేళ్ళలో నేను ఎన్నో కంపోజ్ చేశాను. ఇదొక్కటే చేస్తూ మధ్యలో లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అందులో ఏడుపు లేదు. గోడౌన్లో ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టింది. మందుల పేర్లు పైకి చదువుకుంది. వాడు బయట నుంచి చదివే ఒక్కో వాక్యానికీ తను లోపలి నుంచి మనసులో చెప్పిన జవాబు రాసింది. కొన్ని చోట్ల నవ్వు కూడా వచ్చింది. హీరో కళ్ళని సముద్రంతో పోల్చిన చోట, 'ఉప్పగా ఉంటాయి కాబోలు' అని రాసింది. ఆ సీరియల్ చివరి మాటకి ఆమె జవాబు ఇది: 'మూడో రోజు నేను తలుపు కొట్టడం మానేశాను. పెట్టెలు పేర్చడానికి రెండు చేతులూ కావాలి.'

సంఘానికి చేతిరాత ప్రతి, అంటే ఆ నోటుబుక్కే, దాంతోపాటు అచ్చు ప్రతులు రెండు ఇవ్వాలి. ఇచ్చాం. తర్వాతి గురువారం బాబాయి ప్రెస్సుకొచ్చి పెన్ను మూత తీయకుండా కూర్చున్నాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు చదివావా అమ్మాయ్?"

"కంపోజ్ చేసింది నేనే బాబాయ్."

"మన ప్రెస్సులో ఇంత మంచి పుస్తకం ఇంతవరకూ పడలేదు" అన్నాడు. పెన్ను బల్ల మీద పెట్టి, "ఆరో నిబంధన" అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తట్టలేదు. పిచ్చుకకీ తట్టలేదు. ఆ వాక్యం రాయించినవాడు మాకు ఇంటిమనిషి. అది మా మీదికి వస్తుందని ఎలా అనుకుంటాం?

తర్వాతి బుధవారం మీటింగులో ఏం జరిగిందో ఆయన నాకు మాట పొల్లుపోకుండా చెప్పాడు. జడ్జి గారు మంచివారే. పుస్తకం ఆయన కూడా పూర్తిగా చదివారు. "మా ఆవిడకి కూడా చదివి వినిపించాను" అన్నారు. బాబాయి లేచి, ఇది బంధించినవాడి కథ కాదు, తప్పించుకున్నదాని కథ అని చెప్పాడు. ఉద్దేశం చూడండి అన్నాడు.

"ఉద్దేశం చూడకూడదని రాసింది మీరే కదండీ" అన్నారు జడ్జి గారు. కాగితం తీసి చదివి వినిపించారు.

"రాసేటప్పుడు నాకు ఇది తెలియదండీ."

"తరువాయి గారి అప్పీలు ఇంకా మన దగ్గరే ఉంది. ఉద్దేశం పేరు చెప్పి దీన్ని వదిలితే, రేపు ఆయన లాయరు అదే మాట పట్టుకుంటాడు. రెండూ వదలాలి, లేదా రెండూ ఆపాలి. మీరే చెప్పండి."

హెడ్మిస్ట్రెస్ సంగతి మరో సభ్యుడు గుర్తుచేశాడు. ఆవిడకొక న్యాయం, మీ మేనకోడలికొక న్యాయమా అన్నాడు. గదిలో జరిగిన భాగం తీసేస్తే, ముందూ వెనకా ఉన్నది అచ్చు వేసుకోవచ్చని చివరికి ఒక దారి చూపించారు. చేతులెత్తారు. నలుగురు ఒకవైపు, బాబాయి ఒకవైపు. ఉత్తరంలో మాత్రం 'సంఘం ఏకాభిప్రాయంతో' అని ఉంది. అది తప్పని బాబాయి అన్నాడు. ఫారం అలాగే అచ్చయి ఉంది, మార్చడానికి లేదన్నారు. ఆ ఫారం అచ్చు వేసింది మేమే.

ఉత్తరం అందిన సాయంత్రం బాబాయి నన్ను తోడు రమ్మన్నాడు. తన ఇంటి వెనక రెండు గదుల దాకా వెళ్ళడానికి తోడు. పిచ్చుక మంచం మీద కూర్చుని ఉంది, కర్ర పక్కన. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు.

"కూర్చో మావయ్యా" అంది పిచ్చుక.

ఆయన కూర్చోలేదు. "నేను ఒప్పుకోలేదమ్మా. చెయ్యెత్తలేదు."

"తెలుసు. నువ్వెత్తవు."

"ఆ భాగం కొంచెం కుదించి..."

"అక్కడ మాట్లాడింది వాడొక్కడే మావయ్యా" అంది. గొంతు పెంచలేదు. "మూడు రోజులూ వాడే చదివాడు. కోర్టులోనూ వాడే మాట్లాడాడు. హాల్లో పెద్దవాళ్ళందరూ మాట్లాడారు, అమ్మ కూడా. నేను మాట్లాడింది ఈ తొంభై పేజీలే. వాటిని తీసేసి ముందూ వెనకా అచ్చేసుకోమంటున్నారు."

"వాడిలాంటివాడు ఇంకొకడు చదవకూడదనే ఆ రూలు రాశాను తల్లీ."

"తెలుసు. కానీ వాడి కథకీ నా కథకీ తేడా తెలీని రూలు రాశావు."

"తేడా తెలిసే రూలు ఎలా రాయాలో నాకు తెలియలేదమ్మా. ఇప్పుడు కూర్చోబెట్టినా తెలియదు" అన్నాడు. నేను విన్నంతలో ఆయన తన గురించి చెప్పుకున్న అత్యంత నిజమైన మాట అదే.

"అయితే వెళ్ళు మావయ్యా" అంది పిచ్చుక. తిట్టలేదు. తలుపు కూడా వెయ్యలేదు. ఆ తర్వాత మాత్రం ఆయనతో మాట్లాడలేదు. ఒకే పెరట్లో బట్టలు ఆరేసుకుంటూ, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, ఐదేళ్ళు.

సంఘం నుంచి ఒక కాపీ మా ఓనరు గారికి కూడా వచ్చింది. ఆయన భయస్థుడు. నన్ను పక్కన నిలబెట్టుకుని కంప్యూటర్లోంచి ఆ ఫైలు చెరిపించాడు. ఫ్లాపీ అడిగి తీసుకుని రెండు ముక్కలు చేశాడు. "ఆడపిల్ల తండ్రిని, నన్ను తప్పుగా అనుకోకు" అన్నాడు. చెరిపింది నా చేతులే.

బాబాయి సంఘానికి రాజీనామా ఇచ్చాడు. రెండు వాక్యాలు. వారంలో ఇంకొకరిని వేసుకున్నారు. బుధవారాలు యథాప్రకారం నడిచాయి. తరువాయి గారు అప్పీలు వెనక్కి తీసుకుని కొత్త సీరియల్ మొదలుపెట్టారు. ఇందులో బంధించడం లేదు. కాదన్న అమ్మాయి ఇంటి ముందు హీరో నలభై రోజులు ఎండలో, వానలో కూర్చుంటాడు. ఇరుగూపొరుగూ జాలిపడి ఆమెని తిడతారు. తండ్రి బతిమాలతాడు. నలభై ఒకటో రోజు ఆమె తలుపు తీస్తుంది. ఏడు నిబంధనల్లో ఒక్కటీ దానికి అడ్డురాలేదు. చాలా శుభ్రంగా ఉందని సంఘం రాసి మరీ పంపింది.

దాని మొదటి భాగం ప్రూఫు బాబాయి బల్ల మీదికి వచ్చింది. సగం చదివి, కాగితాలు సర్ది, ఓనరు గారి గదిలోకి తీసుకెళ్ళి పెట్టాడు. "ఇది నేను చూడనండీ" అన్నాడు.

"చూడకపోతే ఎలాగయ్యా? పత్రిక మీదే కదా మనం బతికేది."

"నాకు చేతకాదండీ."

"అయితే ఇంటికెళ్ళు" అన్నారు ఓనరు గారు. చిరాకులో అన్నారు, మర్నాడు కబురు కూడా పంపారు. బాబాయి రాలేదు. ఆయన బల్ల దగ్గరికి చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు వచ్చి వెళ్ళారు గాని ఎవరూ నిలవలేదు. నేను కొత్త సీరియల్ నలభై వారాలూ కంపోజ్ చేశాను. ఉద్యోగం వదులుకునే ధైర్యం నాకు లేదు.

ఇంట్లో ఆయన ఏమీ చదవడం మానేశాడు. ఉత్తరాలొస్తే పిన్నే విప్పి చూసుకునేది. "మందుసీసా మీద రాసింది కూడా నన్నే చదవమంటున్నాడమ్మా" అని ఒకసారి నాతో చెప్పుకుని ఏడ్చింది. ఐదో ఏడు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ఆస్పత్రిలో అక్కే ఆయన పక్క శుభ్రం చేసేది, పక్కమీద తిప్పేది. ఒక మధ్యాహ్నం పిచ్చుక కర్ర చప్పుడు చేసుకుంటూ వార్డులోకి వచ్చింది. గంటసేపు స్టూలు మీద కూర్చుని వెళ్ళింది. ఏమైనా చెప్పావా అని తర్వాత అడిగాను.

"లేదక్కా. ఆయన నా వైపే చూశాడు. ఏమనుకున్నాడో నాకు తెలీదు."

రెండు రోజులకి ఆయన పోయాడు.

ఆ తర్వాతి ఏడాది ప్రభుత్వం మారింది. కాలేజీ ఆవిడ, ఇంకా కొంతమంది తిరగ్గా తిరగ్గా సంఘం ఆరో నిబంధనలో రెండు మాటలు తీసేసింది. 'ఏ ఉద్దేశంతోనూ' పోయి, 'రచయిత ఉద్దేశాన్ని బట్టి' అని వచ్చింది. వార్త చూడగానే నేను ప్రెస్సులో సెలవు పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కాను. గుమస్తా కొత్తవాడు, మర్యాదస్తుడు. పాత రిజిస్టర్లు తీసి వేలుతో చూసుకుంటూ వెళ్ళి, పిచ్చుక పుస్తకం నంబరు దగ్గర ఆగాడు. పక్కన తేదీ ఉంది.

"తిరస్కరించిన ప్రతులు మూడేళ్ళే ఉంచుతామండీ. తర్వాత పాతకాగితాలతో పాటు ఒకేసారి తీసుకెళ్ళి గుజ్జు చేసేస్తారు. చేతిరాతదీ, అచ్చువీ, అన్నీ" అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. చూశాడు. హెడ్మిస్ట్రెస్ పుస్తకం నంబరు పక్కన కూడా అదే తేదీ.

అక్కణ్ణుంచి తిన్నగా ల్యాబుకి వెళ్ళాను. కౌంటర్ ముందు పదిమంది దాకా వరసలో ఉన్నారు. పిచ్చుక సీసా మీద పేరు రాసి, కాగితం చుట్టి, పక్కన పెడుతోంది. నన్ను చూసి పక్కకి రమ్మని సైగ చేసింది. అన్నీ చెప్పాను. రూలు మారిన సంగతి, తర్వాత నోటుబుక్కు సంగతి. పని ఆపకుండానే వింది.

"మళ్ళీ రాయవే. ఇప్పుడు వేస్తారు. నేను కూర్చుంటాను నీతో. నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నాను.

"ఒక్కసారే రాయగలిగానక్కా" అంది. "రాయాలంటే మళ్ళీ లోపలికి వెళ్ళాలి. అప్పుడు వెళ్ళి ఏడు నెలలున్నాను. ఇంక వెళ్ళలేను."

"నీకు గుర్తుందిగా మరి."

"జరిగింది గుర్తుంది. రాసింది గుర్తులేదు. అవి రెండూ ఒకటి కాదు."

వరసలో వెనక నిలబడ్డ ఒకాయన త్వరగా కానివ్వమ్మా అన్నాడు. పిచ్చుక అతని చేతిలో చీటీ తీసుకుని, పేరు చూసి, కొత్త సీసా అందుకుంది.